చెవి లేవని రూపాయి

మొన్న దీపావళికి నాలుగు రోజుల ముందట నేను ఒర్రిన ఒర్రుడుకు పక్కింటామె పిండి చేతులతోనే ఉరికొచ్చింది. ఏం లేదు, మా కొత్త కోడలు వెండి సామాన్లు ముందటేసుకోని కూసున్నది. కుంకుమ భరిణె, రెండు దీపాలు, చిన్న చెంబు, అన్నీ పళ్లపొడితోని తెల్లగ తోమి వరుసగ పెట్టింది. ఆఖరికి నా పెట్టెలకెల్లి రూపాయి తీసి, వేలికి పొడి అద్దుకోని రుద్దుడు మొదలువెట్టింది.

"ముట్టకే! దాన్ని ముట్టకే!"

పిల్ల ఉలిక్కిపడి ఎనక్కి జరిగింది. సిరిసిల్ల దిక్కు పిల్ల, మా ఇంటికొచ్చి ఇంకా ఆరు నెల్లు గాలే. "ఒక్కసారే రుద్దిన అత్తమ్మా, మంచిగ మెరవాలెనని..." అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. నేను రూపాయి గుంజుకోని కిటికీ కాడ వెలుగుకు పట్టి చూసిన. వెనక దిక్కు అంచుకు గోరంత జాగ తెల్లగైంది. దాని పక్కకే ఎన్నో ఏండ్ల కిందటి ఇంకో మచ్చ. ఆ రెండు పక్కపక్కకు చూసేసరికి నాకు నవ్వు ఆగలే. నవ్వి నవ్వి గోడకు ఆనుకోని కూలబడ్డ. కోడలు ఇంకింత బుగులు పడ్డది, అత్తకు పిచ్చి లేసిందా ఏందని.

"దా, ఇట్ల కూసో," అన్న. "ఆ పాత మచ్చ ఎవలు చేసిన్రో చెప్త."

అప్పుడు మేము సోలాపూర్‌ల జోడ్‌భావి పేట్‌ల ఉంటుంటిమి. రెండు అర్రల ఇల్లు. ముందటి అర్రల తాత చేతిమగ్గం. తాత నేసుడు మానేసి ఎన్నో ఏండ్లైనా మగ్గం తియ్యనియ్యకుండె, దాని మీద మేము బట్టలు ఆరేసుకునేది. నాయిన పవర్‌లూమ్ కార్ఖానల టవళ్లు నేసేటోడు. అమ్మ, నాయినమ్మ ఇంట్ల కూసోని బీడీలు చుట్టేటోళ్లు. పొద్దుగాల లేస్తే ముక్కుకు మొదలు తగిలేది తంబాకు, తరువాత తడి గోనెపట్టల చుట్టిన ఆకు, ఆ తరువాత రోట్ల దంచే శేంగా చట్నీ. ఏయించిన పల్లీలు, ఎల్లిపాయ, ఎర్రకారం ఏసి నూనె తేలేదాక దంచేది నాయినమ్మ. బడికి పోయేటప్పుడు రోట్ల వేలు పెట్టి నాకి ఉరుకుడు నా రోజు పని. "ఆకు కత్తిరిచ్చే కత్తెరతోని ఆ వేలే కత్తిరిస్త చూడు!" అని ఎనుక నుంచి ఒర్రేది. కత్తిరిచ్చింది లేదు, సచ్చింది లేదు.

మధ్యాహ్నం నాయినమ్మకు ఇంకో పని ఉండె. నాయిన పని చేసే కార్ఖానల మాలు చూసే పని. టవల్ మీద చిన్న చిన్న దారపు ఉంగరాలు లేస్తయి గదా, వాటిని మేము లూపులు అంటం. ఒక్కొక్క టవల్‌ను వెలుగుకు పట్టి ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ లూపు లేవలే అని చూసి, తప్పున్న టవల్‌ను పక్కకు పడేసుడు. అది సెకండు మాలు. మంచి మాలు దుకాండ్లకు పోయేది, సెకండు మాలు మా ఇండ్లకు వచ్చేది. మా పేట్‌ల నేసేటోళ్లందరు ఒళ్లు తుడుసుకునేది సెకండు టవళ్లతోనే. ఎప్పుడన్న చుట్టాల ఇంట్ల మంచి టవల్ కనిపిస్తే, ఇది ఎక్కడ నుంచి లేపుకొచ్చిన్రబ్బా అని అనుమానంగ చూసేటోళ్లం.

ఇగ రూపాయి సంగతి. మా తాత వాళ్ల నాయిన తెలంగాణ నుంచి బతుకుదెరువుకు సోలాపూర్ వచ్చి, మొదటి చద్దరు నేసి సేటుకు అప్పజెప్తే, సేటు ఆ పనికి సంబరపడి కూలి మీద ఒక వెండి రూపాయి ఇచ్చిండట. అప్పుడే టంకశాలకెల్లి వచ్చింది, ఎవ్వరి చెయ్యి పడనిది. ముందట గడ్డపు రాజు బొమ్మ, కిరీటం లేని తల. ఆయన దాన్ని ఖర్చు పెట్టలే. నీళ్లు తగలని కోరా బట్ట ముక్కల చుట్టి దాసి, నాయినమ్మ కోడలై వచ్చిననాడు ఆమె చేతిల పెట్టిండట. "బిడ్డా, దీన్ని బజార్ల తిప్పకు, కడగకు, రుద్దకు. కోరా బట్ట ఒక్కసారి నీళ్లల్ల పడ్డంక మళ్ల కోరా ఐతదా? ఇది గూడ గంతే," అన్నడట.

నాయినమ్మ ఆ మాట దాటలే. దీపావళికి పేట్ అంతట చింతపండు, బూడిద పెట్టి వెండి తోముతుంటే ఈమె రూపాయి మాత్రం నల్లగ, అంచుకు నీలంగ, లోపటికి పోను పోను తేనె రంగుల ఉండేది. లక్ష్మీపూజకు ఏడాదికొకసారి బయటికి తీసేది, మళ్ల కోరా బట్టల చుట్టి పెట్టెల పెట్టేది.

అక్కడనే పుట్టింది లొల్లి. తాతకు ఒక అక్క. నొసట రూపాయంత బొట్టు, నోరు తెరిస్తే సందు చివరిదాక వినిపిస్తది. మేము పెద్దవ్వ అంటుంటిమి. మా నాయిన ఇంకా పాకుతున్న కాలంల, ముత్తాత పోయినంక, ఒక దీపావళి పూజల పెద్దవ్వ ఆ రూపాయి చేతిల పట్టుకోని, "మా నాయిన రూపాయికి రాజు చెవి ఉండె. దీనికి చెవి ఏది? అరిగిపోయిన బజారు రూపాయి ఇది. అసలుది మీ పుట్టింటోళ్లకు పెట్టినవ్, ఇది తెచ్చి ఈడ పెట్టినవ్," అన్నదట, పదిమంది ముందట. నిజంగనే చెవి జాగల నున్నగ ఉండె. నాయినమ్మ దేవుని మీద ఒట్టేసి చెప్పిందట, ఎవ్వరు వినలే. మొగడని తాతను అడిగితే అటు తల ఊపిండు, ఇటు తల ఊపిండు. ఆయన బతుకంత గట్లనే ఊపిండు పాపం, పెండ్లాం దిక్కు ఒకసారి, అక్క దిక్కు ఒకసారి.

"దొంగ చెయ్యి అన్నరు గదా. ఆ మాట పొయ్యేదాక ఈ చెయ్యితోని లక్ష్మికి బొట్టు పెట్ట," అన్నది నాయినమ్మ. అన్నది అన్నట్టే ఉన్నది. నేను పుట్టి బుద్ధెరిగినంక చూసిన దీపావళులన్నిట్ల పూజ చేసింది మా అమ్మనే. చకిలీలు, చివడా, కరంజీలు అన్నీ చేసేది నాయినమ్మ, పూజ పీట ముగ్గు ఏసేది నాయినమ్మ, హారతి టైముకు పోయి గడప మీద కూసునేది. ఆమెకు భక్తి లేదనుకునేటోళ్లు పేట్‌ల. నాకు మాత్రం ఆ గడప మీద కూసున్న ఈపు చూస్తే ఏడుపొచ్చేది, ఎందుకో తెల్వకుండె.

పెద్దవ్వ, నాయినమ్మ సూటిగ మాట్లాడుకోకుండె. నడుమ నేనుంటి. "మీ నాయినమ్మను అడుగు, ఉప్పు సరిపోయిందా అని." "మీ పెద్దవ్వకు చెప్పు, నాలుక ఉంటే తెలుస్తదని." రెండోది నేను సాఫ్ చేసి చెప్పేదాన్ని.

నేను ఐదో క్లాసుల ఉన్నప్పుడు మా బడికి ఒక గురూజీ వచ్చిన్రు. మరాఠీ ఆయన, కొంతం చౌక్ ఎనుక సందుల ఇల్లు. పాత నాణేలు జమ చేసే పిచ్చి ఆయనకు. అద్దాల పెట్టెల నాణేలు తెచ్చి మాకు చూపిచ్చి, నాణెం చూసి అది ఎన్ని చేతులల్ల తిరిగిందో చెప్పొచ్చు అన్నరు. ఇంటికొచ్చి నేను అదే సంబరంగ చెప్తున్న. నాయినమ్మ చేతులు ఎన్నడు ఆగయి, కండ్లు మూసుకోని బీడీ చుట్టి దారం కట్టేటి చేతులు. అవి ఆగినయి.

"ఎన్ని చేతులు తిరిగిందో చెప్తడా?"

"చెప్తరు."

"ఏ చెయ్యి తిరగకుంటే?"

"అదిగూడ చెప్తరు నాయినమ్మా."

చాటల బీడీ పెట్టింది. లేసింది. కొంగు దులుపుకున్నది. "ఉరుకు. మీ పెద్దవ్వకు చెప్పు, రేపు పొద్దుగాల తయారుగ ఉండుమను. మీ నాయిన రూపాయో బజారు రూపాయో ఆ గురూజీనే చెప్తడట అను." పెద్దవ్వ జవాబు గూడ నా నోటితోనే వచ్చింది: "వస్తనని చెప్పు. బజారుది అని తేలితే ఆ రూపాయి పూజల పెట్టుడు బంద్, మీ నాయినమ్మ నాకు పదిమందిల దండం పెట్టాలె, అదిగూడ చెప్పు." నాయినమ్మ "సరే" అన్నది.

తెల్లారి నాయినమ్మ చుట్టిన బీడీలు ఒప్పజెప్పనీకి పోయింది. రూపాయి పెట్టె మీద కోరా బట్టల ఉన్నది. ఇంట్ల నేను ఒక్కదాన్నే. బట్ట ఇప్పి చూసిన. అయ్యో, ఇంత నల్లగ ఉంటే గురూజీ ఏం మార్కులు ఏస్తరు, నా నోటు బుక్కు గలీజుగ ఉంటేనే నాకు మార్కులు కోసిరి గదా అనుకున్న. దీపావళికి ఊరంత చేసే పనే గదా! చింతపండు తీసిన, పొయ్యిల బూడిద తీసిన, ఎనుక దిక్కు అంచుకు రుద్దిన. తెల్లటి మచ్చ లేసింది. అబ్బా, ఏం మెరిసింది! ఇంకింత రుద్దుదమనుకునేసరికి సందుల నాయినమ్మ చెప్పుల చప్పుడు. గబగబ తుడిచి, బట్టల చుట్టి, ఏం తెల్వని దాని లెక్క కూసున్న. గోర్లల్ల బూడిద మాత్రం ఉండిపోయింది.

ఆటోల పోయినం, పెద్దవ్వకు మోకాళ్ల నొప్పులు. ఆమెకు ఈమెకు నడుమ జానెడు జాగ, ఆ జాగల నేను. నా ఒళ్లె రూపాయి, ఒక సెకండు టవల్‌ల చుట్టి. "రూపాయి తెచ్చిందా మరిచిందా అడుగు," అన్నది పెద్దవ్వ. "నీ ఒళ్లెనే ఉన్నది చూసుకొమ్మను," అన్నది నాయినమ్మ. రూపాయి నా ఒళ్లె ఉన్నది గని, నేను ఇద్దరికి చెప్పే పరిస్థితిల లేకుండె. బూడిద గోర్లు టవల్ కింద దాసుకోని కూసున్న.

గురూజీ ఇంట్ల బట్టలల్ల ఏసే డాంబర్ గోళీల వాసన, పాత పుస్తకాల వాసన. ఆయన భార్య చివడా పెట్టింది, గోర్లు కనపడ్తయని నేను ముట్టలే. ముప్పై ఏండ్లు వేరే బళ్లల్ల మా తెలుగు పిల్లలకు చదువు చెప్పి చెప్పి గురూజీకి తెలుగు బాగనే వస్తుండె, నడుమ నడుమ మరాఠీ కలిపేటోళ్లు. చేతులు కడుక్కోని తుడుసుకోని, కిటికీ కాడ బల్ల మీద నల్లబట్ట పరిచిన్రు. పెద్దవ్వ "ఇదిగో సూడుండ్రి" అని రూపాయి మీద బొటనవేలు ఏసి పట్టుకోబోయింది. "హాఁ హాఁ! అంచులకు పట్టాలె! ముఖం మీద వేలు పెట్టొద్దు!" అని గదమాయించిన్రు. పెద్దవ్వను ఎవరన్న గదమాయించుడు నేను చూసుడు అదే మొదలు.

గురూజీ అంచు చూసిన్రు. తరువాత వెనక తిప్పిన్రు. భూతద్దం పెట్టిన్రు. మొఖం ముడుసుకున్నది.

"హే కోణీ ఘాస్‌లం? ఇది ఎవరు రుద్దిన్రు?"

"చూసినవా!" పెద్దవ్వ బల్ల మీద చెయ్యి ఏసింది. "తెచ్చేముందు తోమి తెచ్చింది! దొంగతనం లేకుంటే తోముడెందుకు?"

నాయినమ్మ మొఖంల నెత్తురు లేదు. "నేను ముట్టలే గురూజీ. మా మామ మాట మీద ఒట్టు, ఇన్నేండ్లల్ల ఒక్కనాడు నేను..."

నేను నా గోర్లు చూసుకున్న. ఇప్పుడు చెప్పకుంటే నాయినమ్మ ఆ గడప మీది నుంచి ఇగ జన్మల లేవదు అనిపిచ్చింది. "నేనే!" అని ఒర్రిన. "నేనే రుద్దిన! చింతపండుతోని! నాయినమ్మకు తెల్వదు!" అని బోరుమన్న. గురూజీ నా చెయ్యి పట్టి గోర్లు చూసిన్రు. భూతద్దం నా కంటికి పెట్టి ఆ తెల్ల మచ్చ చూపిచ్చిన్రు. సన్న సన్న గీతలు, వంద గీతలు. "చూడు పోరీ, రుద్దితే మురికి పోదు, వెండే పోతది. ఇది మళ్ల రాదు," అన్నరు. కొట్టినా గంత నొయ్యకపోవు. నాయినమ్మ నన్ను దగ్గరికి గుంజుకోని, కొంగుతోని నా గోర్లు తుడిచింది. ఆ తుడుసుడే నాకు ఇప్పటికి యాదికుంటది.

"రుద్దినది చిన్న జాగ. మిగిలినది చూస్త," అని గురూజీ ముందు దిక్కు తిప్పిన్రు. మాకు సమజయ్యేటట్టు చెప్పిన్రు గూడ. నాణెం చేతులల్ల, జేబులల్ల తిరుగుతుంటే ఎత్తుగున్న జాగ ముందు అరుగుతది, ఈ రాజుకైతే చెవి, దాని మీది జుట్టు. బాగ అరిగితే ఫైన్, కొంచెం అరిగితే వెరీ ఫైన్, జరంత అరిగితే ఎక్స్‌ట్రా ఫైన్. అసలే అరగకుంటే, ఏ చెయ్యి తిరగకుంటే, అన్‌సర్క్యులేటెడ్. "అంటే మీ భాషల కోరా," అన్నరు.

చూసిన్రు, చూసిన్రు. తల అడ్డంగ ఊపిన్రు. "జుట్టు బాగున్నది, గడ్డం బాగున్నది. గని చెవి పోయింది బాయీ. ఝిజ్‌లేలం ఆహే, అరిగింది. ఎక్స్‌ట్రా ఫైన్ రాస్త. మంచి నాణెమే. గని కోరా కాదు." పెన్సిల్ తీసిన్రు.

పెద్దవ్వ కుర్చీల ఎనక్కి ఒరిగి కొంగు సదురుకున్నది, దండం పెట్టిచ్చుకోనీకి తయారు. నేను నాయినమ్మను చూసిన. ఆమె ఏడుస్తదనుకున్న. ఏడువలే. మాలు చూసేటప్పుడు కండ్లు ఎట్ల సన్నగ చేస్తుండెనో గట్ల చేసింది.

"గురూజీ, జర ఆగుండ్రి. ఆ అద్దం ఇటియ్యుండ్రి."

అద్దం తీసుకున్నది. రూపాయిని అంచులకు పట్టుకున్నది, ఆయన చెప్పినట్టే. కిటికీ వెలుగుకు అటు వంచింది, ఇటు వంచింది. తరువాత నవ్వింది. ఎన్నడు నవ్వని నవ్వు.

"ఇది అరగలే. ఇది లేవలే," అన్నది.

"అంటే?"

నాయినమ్మ నా ఒళ్లెకెల్లి సెకండు టవల్ గుంజి బల్ల మీద పరిచింది. నడుమ అరచేతంత జాగల లూపులు లేకుండె. "ఇది మొన్న మగ్గం దిగిన టవల్. ఒక్కనాడు వాడలే. ఈడ లూపు లేవలే, అందుకే సెకండుల పడ్డది." మేకుకు గురూజీ ఒళ్లు తుడుసుకునే పాత టవల్ ఏలాడుతుండె. అడగకుంటనే పోయి తీసుకొచ్చింది. "ఇది మీది. ఈడ గూడ లూపులు లేవు. గని ఇయ్యి లేసినయే, వాడి వాడి అరిగినయి. రెండు బోడిగనే ఉన్నయి గదా? ఇప్పుడు మీ అద్దం పెట్టి చూడుండ్రి, రెండు ఒకటేనా?"

గురూజీ టవల్ మీద అద్దం పెట్టిన్రు. పాతదాని మీద పోగులు చితికి, నూగు నూగుగ ఉన్నయి. కొత్తదాని మీద లూపులు లేవు గని కింద పోగు పోగు లెక్కపెట్టొచ్చు, దారం మీద మెరుపు గూడ పోలే.

"అరిగినకాడ కింది నేత గూడ చితుకుతది. లేవనికాడ చితకదు," అన్నది నాయినమ్మ. "రోజుకు వందల టవళ్లు చూస్త నేను. అరిగినదానికి లేవనిదానికి తేడా తెల్వకుంటే నాకు కూలి ఎవడిస్తడు? ఇప్పుడు ఆ రాజు చెవి చూడుండ్రి."

గురూజీ రూపాయి ఎత్తిన్రు. వెలుగుల మెల్లగ తిప్పిన్రు. నాణెం మీద ఒక మెరుపు గిర్రున తిరిగింది, సైకిల్ పుల్లల మీద ఎండ తిరిగినట్టు. తిరుగుకుంట తిరుగుకుంట చెవి మీదికి వచ్చింది. ఆగలే. తెగలే. చెవి మీది నుంచి సాఫ్‌గ దాటిపోయింది. మళ్ల తిప్పిన్రు. మళ్ల దాటింది. అప్పుడు గబుక్కున వెనక్కి తిప్పి, చెవికి సరిగ్గ ఎనుకున్న జాగ చూసిన్రు. ఆడ నడుమ అక్షరాలు గూడ మసక మసకగ ఉన్నయి.

ఆయన కుర్చీలకెల్లి లేసిన్రు. "అరే దేవా! దెబ్బ తక్కువ పడ్డది! టంకశాలల అచ్చు గట్టిగ పడకుంటే వెండి పైకి లేవదు. చెవి కాడ అచ్చు లోతుగుంటది, వెండి ఆడిదాక పోలే. అటు చెవి లేవలే, దాని ఎనుక అక్షరాలు లేవలే! చేతులల్ల అరిగితే ఈ మెరుపు చెవి కాడ తెగిపోవాలె, తెగలే! నేను కండ్లుండి చూడలే!" ఇగ ఆయన సంబరం చూడాలె. భార్యను పిలిచిన్రు, పక్కింటాయనను పిలిచిన్రు, ఇద్దరికి ఆ టవల్, ఈ టవల్ చూపిచ్చిన్రు. నాయినమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టిన్రు. "వా బాయీ, వా! కోరా! ఏ చెయ్యి తిరగలే. కోరా!"

నాయినమ్మ బల్ల పట్టుకోని నిలవడ్డది. "మళ్లొకసారి చెప్పుండ్రి గురూజీ," అన్నది, "గట్టిగ." ఆయన గట్టిగ చెప్పిన్రు. నేను ఎగిరిన, నిజంగనే ఎగిరిన, చివడా పళ్లెం కింద పడ్డది.

ఇగ పెద్దవ్వ. అందరం పెద్దవ్వ దిక్కు చూసినం. ఆమె బొట్టు సదురుకున్నది, గొంతు సవరిచ్చుకున్నది, అన్నది గదా, "నేను ముందు నుంచి చెప్తలేనా, మా నాయిన రూపాయి కోరా అని?"

నాయినమ్మ ఆమె దిక్కు చూసింది. నాకు భయమైంది, ఇప్పుడు అగ్గి మండుతదని. నాయినమ్మకు నవ్వు వచ్చింది. ఆపుకోనీకి చూసింది, ఆగలే. కొంగు నోట్ల కుక్కుకోని నవ్వింది, కండ్ల నీళ్లు కారంగ నవ్వింది. జరసేపటికి పెద్దవ్వ గూడ మూతి అటు తిప్పుకోని నవ్వింది.

గురూజీ ఒక చిన్న అట్టముక్క మీద మరాఠీల రాసిచ్చిన్రు. దాన్ని తెలుగుల చదివి గూడ వినిపిచ్చిన్రు: "కోరా. చెవి లేవలేదు. వెనక ఒక పిల్ల వేలు." ఆ ఆఖరి మాట తీసెయ్యమని నేను ఏడ్చిన. "ఉన్నది ఉన్నట్టు రాయాలె పోరీ. చెవి విషయంల నేను తప్పు రాయబోయిన, మీ నాయినమ్మ రాయనియ్యలే. ఇది మాత్రం తప్పు గాదు," అన్నరు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోల నేను కొసకు, వాళ్లిద్దరు పక్కపక్కకు. కొంతం చౌక్ కాడ నాయినమ్మ ఆటో ఆపిచ్చింది. "వదినె, పేడాలు నువ్వే తియ్యాలె ఈసారి," అన్నది. నన్ను నడుమ పెట్టకుంట, సూటిగ. పెద్దవ్వ గొణుక్కుంటనే దిగింది, మోకాళ్లు పట్టుకోని దిగింది. మా సందుల ఇంటింటికి పంచిచ్చింది నాయినమ్మ. ఎందుకని అడిగినోళ్లకు, "మా వదినె తినిపిస్తున్నది, ఆమెనే అడుగుండ్రి," అనేది. పెద్దవ్వ ఇంటింటికి చెప్పుకోవలసొచ్చింది, రూపాయి కోరా అని. పదిమందిల అన్న మాట పదిమందిల పోయింది.

ఆ దీపావళి పొద్దుమీకినంక పూజకు అమ్మ కుంకుమ భరిణె తీసింది. పెద్దవ్వ అమ్మ చేతిలకెల్లి గుంజుకోని గడప కాడికి పోయింది. "ఏమే, లే. ఇన్నేండ్లు గడప అరగదీసినవ్, ఇగ లే," అన్నది. భరిణె ముందటికి చాపింది. నాయినమ్మ మూడుసార్లు చేతులు కడిగింది. తంబాకు పట్టి పట్టి పచ్చబడ్డ ఆ వేళ్లతోని లక్ష్మికి బొట్టు పెట్టింది. తాత ఈసారి తల ఒకటే దిక్కు ఊపిండు. రూపాయికి గూడ పెట్టమన్నది పెద్దవ్వ. "పెట్ట. ముఖం మీద వేలు పెట్టొద్దన్నడు గదా గురూజీ," అని ఆ కుంకుమ తెచ్చి పెద్దవ్వ నొసట పెట్టింది.

నాయినమ్మ ఆ తరువాత పూజ ఎవ్వరికి ఇయ్యలే, చేతనైనన్ని రోజులు ఆమెనే చేసింది. ఆఖరికి మంచం పట్టినప్పుడు రూపాయి ఎవరికని మాటొచ్చింది. అమ్మకు ఇస్తదనుకున్నం. నన్ను పిలిచి నా చేతిల పెట్టింది. "నాకా? ఖరాబు చేసింది నేనే గదా నాయినమ్మా?" అన్న. "అందుకే," అన్నది. "మిగిలినోళ్లందరు ఎప్పుడో ఒకనాడు రుద్దుతరు. నువ్వు ఇగ జన్మల రుద్దవు."

ఇదంత చెప్పేసరికి మా కోడలు కండ్లు తుడుసుకున్నది. రూపాయిని అంచులకు పట్టుకోని వెలుగుల తిప్పింది, నేను చెప్పకుంటనే. మెరుపు చెవి మీది నుంచి దాటంగనే "అబ్బ!" అన్నది. పాత అట్టముక్క గూడ తీసి చూపిచ్చిన, పచ్చబడ్డది, గురూజీ అక్షరాలు ఇంకా గుండ్రగనే ఉన్నయి.

"ఇప్పుడు గురూజీ ఉంటే ఏమని రాసేటోళ్లు అత్తమ్మా?"

ఉన్నది ఉన్నట్టు రాయాలె గదా. పెన్ను తీసుకోని ఆయన రాసినదాని కింద తెలుగుల రాసిన: "ఇంకో పిల్ల వేలు." అట్టముక్క, రూపాయి రెండు కోరా బట్టల చుట్టి మా కోడలు చేతిల పెట్టిన. "ఇగ ఇది నీదే," అన్న.